పేరు పెట్టి చేసిన ప్రార్థన

బస్సు నన్ను కాలువ దాటే మోరీ వంతెన దగ్గర దింపి, దుమ్ము నా మొహాన కొట్టి, రెంజల్ వైపు వెళ్లిపోయింది. ఇదే బస్సు తిరిగి పదకొండింటికి వస్తుంది, కండక్టరు ఎక్కుతవా అవ్వా అంటాడు, నేను ఎక్కుతాను, ఏడేళ్లుగా ప్రతి గురువారం ఇదే వరస. కానీ ఇవాళ ఈ గంటలోపు దశరథం పటేలు వస్తాడు. అవునా కాదా అని అడుగుతాడు. బోధన్‌లో బస్సెక్కేటప్పుడు నా దగ్గర జవాబు ఉంది, చెరుకు బండ్ల వెనక బస్సు పాకుతూ పాకుతూ వచ్చేసరికి అదెక్కడో జారిపోయింది, ఇప్పుడు మోరీ గోడ మీద రేకుపెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అరచేతులు చెమట పట్టాయి. తుడుచుకో యేసమ్మా, వాడు చూస్తే భయపడ్డావనుకుంటాడు. వాడు అనకూడదు, పెద్దమనిషి, ఆయన అనాలి. భయపడ్డాను మరి, కాళ్లు విరగ్గొడతానన్న మనిషి వస్తుంటే భయం కాక ఏమొస్తుంది, నేనేమన్నా రాతితో చేసినదాన్నా. బోధన్ సంఘంలో అందరూ నన్ను గట్టిదానివి అంటారు, యేసమ్మకు ఎదురే లేదు అంటారు, వాళ్లొచ్చి ఒక్క పూట ఈ గోడ మీద కూర్చుంటే తెలుస్తుంది.

ఇటు చెరుకు, అటు చెరుకు, మధ్యలో నిజాంసాగర్ పిల్లకాలువ. నరుకుడు మొదలై నెల దాటింది, బండ్లు ఒకదాని వెనక ఒకటి ఫ్యాక్టరీకి పోతున్నాయి, గాలి అటునుంచి తిరిగితే మడ్డి వాసన, తియ్యగా, కొంచెం కుళ్లుగా. మామూలుగా ఈ వేళకు ఈ గోడ పొడుగునా పదిమంది, పదకొండుమంది ఉంటారు, ఒకరికొకరు ఎడంగా, తువ్వాళ్లతో చెంగులతో ముఖాలు దాచుకుని. నేను పెట్టె తెరిచి పుండ్లు కడుగుతాను, కట్లు కడతాను, వారానికి సరిపడా తెల్లమాత్రలు కాగితంలో చుట్టి ఇస్తాను, అది మిషన్ దవాఖాన వాళ్లు నేర్పిన పని, చివర్లో చిన్న ప్రార్థన చేస్తాను, అది ఎవరూ నేర్పకముందే నోట్లో ఉన్న పని. కుష్టు, పెద్దరోగం అని ఈ ఊళ్లలో ఎవరూ నోటితో అనరు, వేళ్లు ముడిచి చూపిస్తారు, అంతే. అలా ముడిచి చూపించి నవ్వినవాళ్లే రెండేళ్ల తర్వాత ఈ గోడ మీదికి రావడం నేను చూశాను. ఇవాళ గోడ ఖాళీ. ఒక తొండ మాత్రం ఉంది, తల ఊపుతూ. పటేలు తన ఊరు బొప్పారంలో చాటింపు వేయించాడు, ఆ ముసలిదాని దగ్గరికి పోయినవాళ్లకు ఊళ్లో నీళ్లు పుట్టవు, పని పుట్టదు అని. యాభై రెండేళ్లకే నేను ముసలిదాన్నెట్లా అయ్యానో ఆయన్నే అడగాలి.

గంగుబాయి ఈ గోడ మీద ఎప్పుడూ కూర్చోలేదు, పటేలు కోడలు ఎలా కూర్చుంటుంది. గోదావరి అవతల ధర్మాబాద్ వైపు పిల్ల, తెలుగు సగం మరాఠీ సగం, నన్ను అవ్వా అనకుండా ఆయీ అంటుంది, వాళ్ల భాషలో అమ్మ అని. కూలీలకు సద్ది గంప నెత్తిన పెట్టుకుని ఈ మోరీ మీదుగానే చేనికి పోయేది. ఒకరోజు నీడకు ఆగింది, చిటికెన వేలికి గుడ్డపేలిక కట్టి ఉంది, ఏమైంది బిడ్డా అంటే రొట్టెలు చేస్తుంటే పెనానికి ఆనింది ఆయీ, కమురు వాసన వచ్చేదాకా నాకే తెల్వలేదు అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. కళ్లు మూసుకోమన్నాను, కోడి ఈకతో చేతి మీద, భుజం మీద, మెడ కింద ముట్టుకుంటూ ఎక్కడ ముట్టానో వేలు పెట్టి చూపించమన్నాను, భుజం వెనక రూపాయి బిళ్లంత పాలిపోయిన మచ్చ దగ్గర ఎన్నిసార్లు ముట్టినా ఆ పిల్ల కళ్లు మూసుకుని అలాగే నిలబడింది, ఇంకా మొదలుపెట్టలేదా ఆయీ అంది. ఆ రోజు నుంచి మా ఇద్దరికీ ఒక ఒప్పందం. గురువారం ఆమె ఇక్కడ గంప దించి నెత్తిమీది చుట్టగుడ్డ సరిచేసుకుంటుంది, నేను చూడనట్టు గంపలో పొట్లం వేస్తాను. మొగుడికి తెలియదు, ఫ్యాక్టరీలో పని అతనికి, తండ్రి మాట దాటడు. అత్త లేదు. ఆరు నెలలు గడిచాయి, మచ్చ అంచు ఎర్రబారి తగ్గుముఖం పట్టింది, చిటికెన వేలు కొంచెం వంగింది కానీ పట్టుకుని సాగదీస్తే వచ్చేది. రోజూ సాగదీసుకో, నూనె రాసుకో, మాత్ర మానకు అని చెప్పాను, మాత్ర మానితే ఆ వేలు రాదు, తర్వాత పక్క వేలు, తర్వాత చెయ్యి. ఎన్ని చేతులు చూశాను.

ఆరు వారాల కిందట బాలవ్వ ఇంట్లో ప్రార్థన కూడిక. బాలవ్వ బొప్పారంలో మా సంఘం పెద్ద దిక్కు, చెరుకు నరికే కూలిమనిషి, ఆమె అర్రలో పదిమంది పడితే పదకొండో మనిషి గడపలో నిలబడాలి. మా వాళ్ల పద్ధతి ఒకటుంది, ప్రార్థన చేస్తే పేరు పెట్టి చేయాలి, ఇంటిపేరుతో సహా, నొప్పి ఎక్కడుందో అవయవంతో సహా. మా నాన్న చెప్పేవాడు, ఉత్తరం రాస్తే పైన పేరు రాస్తమా లేదా బిడ్డా, దేవునికి చెప్పేది గూడ గంతే. అందరూ అలాగే చేస్తారు, ఫలానావాళ్ల ఎద్దు కుంటి కాలు అని కూడా చెప్తారు, దేవుడు ఊరు వెతుక్కుంటూ తిరగకూడదని. ఆ రోజు నేను మొదలుపెట్టాను, నేను మొదలుపెడితే తొందరగా ఆపను, యేసమ్మ ప్రార్థన చేస్తే ఏడవనివాళ్లుండరు అని పేరు. ప్రభువా, దశరథం పటేలు కోడలు గంగుబాయిని జ్ఞాపకం చేసుకో, ఆమె భుజం మీది మచ్చను నీ చేత్తో ముట్టు, ఆమె చిటికెన వేలును సాపు చెయ్యి. అందరూ ఆమేన్ అన్నారు. కళ్లు తెరిస్తే గడపలో పటేలు ఇంట్లో గడ్డి వేసే ఆడమనిషి, రేపటి నరుకుడుకు కూలీలను పిలవడానికి వచ్చింది, రెండు చేతులూ నోటి మీద పెట్టుకుని నిలబడి ఉంది.

ఇది అందరికీ చెప్పాను. హనోకు అయ్యగారికి చెప్పాను, పాస్టరు కదా, ఆయన తల పట్టుకున్నాడు, తెలియక జరిగిందమ్మా అన్నాడు. అయ్యగారికి చెప్పనిది ఒకటుంది. మధ్యలో నేను ఒక కన్ను తెరిచాను. గడపలో నీడ పడితే తెరిచాను, ఎవరో మా వాళ్లు కాని మనిషి వచ్చిందని చూశాను, చూసి గొంతు పెంచాను. వినాలని పెంచాను. మేము మీ వాళ్ల కోసం కూడా ఎంతగా మొరపెడతామో వినండి అని, యేసమ్మ ఎంత బాగా మొరపెడుతుందో వినండి అని. ఆ పిల్ల పేరు అప్పటికి నా నాలుక మీదికి వచ్చేసింది, ఆపుకోవాలనే తెలివి రాలేదు, తెలివి ఉన్నచోట గొప్ప కూర్చుని ఉంది. దేవుడా, ఆరు వారాల నుంచి నీతో గొంతు విప్పి మాట్లాడలేదు, అన్నం ముందు కూడా పెదవులు కదిపి ఊరుకుంటున్నాను, నీకు తెలుసు. సిగ్గేస్తోంది.

ఆ సాయంత్రానికే గంగుబాయిని చేనిలోకి పంపేశారు, చెరుకు ఆకు కప్పిన కాపలా గుడిసె, ఈ కాలువ గట్టు వెంబడి పోతే పది నిమిషాలు. రెండేళ్ల కూతుర్ని లోపలికి లాగేసుకున్నారు, అది మూడు రోజులు ఏడ్చిందట. మరుసటి గురువారం పటేలు వచ్చి నా పెట్టె ఎత్తి కాలువలోకి విసిరేశాడు, మాత్రలన్నీ తెల్లగా కరిగి పోయాయి, మళ్ల వస్తే కాళ్లు ఇరగ్గొడ్త అన్నాడు. మా వాళ్లందరినీ నరుకుడు మాన్పించాడు. నేను ఇంకో పెట్టె అడుక్కుని మళ్లీ వచ్చాను. గుడిసె వైపు రెండుసార్లు పోయాను, జీతగాళ్లు గట్టు మీద అడ్డం నిలబడ్డారు. పోయిన గురువారం పటేలు ఒక్కడే వచ్చాడు, అరవలేదు, ఈ గోడ మీదే, నాకు అంత దూరంలో కూర్చున్నాడు, నిద్రలేని మొహం.

"ఇను యేసమ్మా. మీ పుస్తకం చేతుల వట్టుకొని రచ్చ కాడ పది మంది ముంగట చెప్పు. గంగుబాయికి ఏం రోగం లేదు, నేనే తప్పు మాట్లాడిన అని. మీరు పుస్తకం వట్టుకొని అబద్ధం చెప్పరని ఊరంత ఎరుక. గా ఒక్క మాట చెప్తె కోడల్ని ఇంట్లకు తీస్కపోత. మీ వాడోళ్లకు పని ఇస్త. నువ్వు నీ గోడ మీద కూసో, ఎవడు వద్దంటడు?"

"మరి మాత్రలు, పటేలా?"

"రోగమే లేనిదానికి మాత్రలెందుకు? మాత్ర మింగుడు కనవడ్డదంటే మల్ల అందరికి తెలుస్తది. వచ్చే గురువారం చెప్పు."

వచ్చే గురువారం ఇదే. ఒక్క మాట. ఆ మాట అంటే రెండేళ్ల చంటిది తల్లి ఒడిలోకి వస్తుంది, బాలవ్వ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది, ఈ గోడ మీద మళ్లీ పదిమంది కూర్చుంటారు. అనకపోతే వీళ్లంతా నా మూలాన, నా నోటి మూలాన, ఇలాగే ఉంటారు. ఇల్లు కావాలంటే గంగుబాయి చెయ్యి పోతుంది, చెయ్యి కావాలంటే ఇల్లు పోతుంది. నేను అబద్ధాలు ఆడనిదాన్నా, బస్సులో టికెట్ తీశావా అంటే తీశానన్న రోజులున్నాయి. కానీ పుస్తకం పట్టుకుని, చెయ్యి పోగొట్టే అబద్ధం. అయ్యగారు మెత్తగా చెప్పాడు, అమ్మా గా ఊరు కొన్ని దినాలు ఇడిసిపెడదాం, ధర్పల్లి దిక్కు రోగులు లేరా అని. ఉన్నారు, రోగులకేం కొదవ. ధర్పల్లిలో నేను ఎవరి గుట్టూ బయటపెట్టలేదు, అక్కడ హాయిగా సేవ చేసుకోవచ్చు, చెడగొట్టిన చోటు వదిలేసి చెడగొట్టని చోటికి పోవడాన్ని సేవ అంటారేమో నాకు తెలియదు. ఇంకొక్క గురువారం అన్నాను. ఇంకొక్కటి ఇంకొక్కటి అనే ఆరు అయ్యాయి.

గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని ఎవరో వస్తున్నారు. బాలవ్వ. నన్ను చూసి కూడా చూడనట్టు దాటిపోబోయి ఆగింది.

"ఇంక గీడనే కూసున్నవా యేసమ్మక్కా? పటేలు కల్లం కాడికెల్లి బయల్దేరిండు. చేతిల కట్టె ఉంది. ఎల్లిపో."

"బస్సు పదకొండింటికి గదా."

"నడిసి పో. కాళ్లున్నప్పుడే పో."

"పని దొరికిందా బాలవ్వా?"

"ఏడ దొరుకుతది? మా ఆయన సిరికొండ దిక్కు కట్టెలు కొట్టవోయిండు."

"నన్ను తిట్టు బాలవ్వా. ఒక్కసారన్న తిట్టు."

"తిడితె పని ఇస్తరా?" మోపు సర్దుకుంది, రెండడుగులు వేసి మళ్లీ ఆగింది. "గా పిల్ల వేలు ఇగ సాగుతలేదక్కా. నిన్న కాలువ కాడ కూసోని గుంజుకుంటుంటె సూసిన. ఏడుస్తుంది."

"దగ్గరికి పోయినవా?"

"దూరం నుంచే."

దూరం నుంచే. వెళ్లిపోయింది, గడ్డి పరకలు రోడ్డు మీద రాల్చుకుంటూ, ఆ మాట మాత్రం పోలేదు. నాకు ఎనిమిదేళ్లు, ఇదే రోగమని సిరికొండ అడవి అంచున మా అమ్మకు గుడిసె, పొద్దున ఒక ముంత గంజి, ఒక రొట్టె, నేనే తీసుకుపోయేదాన్ని. బండ మీద సత్తు కంచం ఉండేది, అందులో పైనుంచి వేసి వెనక్కి జరగాలి, నేను చింతచెట్టు దాకా జరిగాక అమ్మ బయటికి వచ్చేది. తిన్నవా బిడ్డా అని అడిగేది, తిన్న అని అరిచేదాన్ని, దూరం నుంచే. దగ్గరికి పోకని నాన్న చెప్పాడు. నాన్న రోజూ ప్రార్థన చేసేవాడు, పొద్దున సాయంత్రం, నా భార్య రూతమ్మ కుడి చెయ్యి, నా భార్య రూతమ్మ ఎడమ కాలు, పేరు పెట్టి, ఏడుస్తూ, వాడంతా ఆమేన్ అనేది. ఒక్కరోజు గుడిసెకు పోలేదు. ఇది నాకు ఎప్పుడూ తట్టలేదేమిటి. నలభై నాలుగేళ్లు ఆ ప్రార్థన నెత్తిన పెట్టుకుని తిరిగాను, ఎంత భక్తి మా నాన్నది అని సభల్లో చెప్పాను, ఆయన కాళ్లు ఎటు పోలేదో ఒక్కసారి చూడలేదు. పేరు ఎంతసేపట్లో అంటాం, నోరు తెరిస్తే చాలు. అమ్మ చచ్చిపోయాక దవాఖాన నర్సమ్మ వచ్చి ఒళ్లు కడిగింది, అప్పటిదాకా ఆమెను ముట్టినవాళ్లు లేరు. అందుకే నేను ఈ పనిలోకి వచ్చాను. వచ్చి ఏం చేశాను, అర్రలో కూర్చుని కళ్లు మూసుకుని, కాదు ఒక కన్ను తెరిచి, పది నిమిషాల దూరంలో ఉన్న పిల్లను నోటితో ముట్టాను. ఇద్దరు జీతగాళ్లు అడ్డం నిలబడితే వెనక్కి వచ్చేశాను. వాళ్లు నన్ను కొట్టారా, కొట్టలేదు. నేనే వచ్చేశాను.

తొండ పారిపోయింది. పటేలు గట్టు దిగి వస్తున్నాడు, తెల్ల రుమాలు, చేతిలో కట్టె, ఒక్కడే. నేను కూర్చునే ఉన్నాను. ఆయన గోడకు అవతలి పక్క నిలబడ్డాడు.

"ఏం అనుకున్నవ్?"

"తప్పు చేసిన పటేలా. రచ్చ కాడ పది మంది ముంగట చెప్త. నీ కోడలు గుట్టు నా నోటి దూలతోని బజార్ల వడ్డది, నేల ముట్టి మాఫీ అడుగుత. కానీ రోగం లేదని చెప్ప."

ఒక చెరుకు బండి పోయింది, ఇరుసు కీచుమంటూ, అది మలుపు తిరిగేదాకా ఆయన చూస్తూ నిలబడ్డాడు.

"అయితె అది గాడనే సస్తది. పాపం నీదే."

"సావది. మాత్రలు మింగితె రెండు మూడేండ్లల్ల మంచిగైతది. మింగకుంటె చెయ్యి వంకర వోతది. గప్పుడు నేను ఎన్ని పుస్తకాలు పట్టుకున్నా దాగదు."

"నా ఇంట్ల చిన్న పిల్ల ఉంది యేసమ్మా." అన్నాడు, వెంటనే కట్టె నేలకు కొట్టాడు. "బస్సస్తుంది. ఎక్కు. మల్ల నా పొలిమేరల కనవడ్డవంటే మనిషివని సూడ."

బస్సు నిజంగానే వస్తోంది, హారన్ కొడుతూ, మోరీ మీద ఆగింది, ఎక్కుతవా అవ్వా. ఎక్కు యేసమ్మా, మెట్టు ఇక్కడే ఉంది, ఎక్కితే మధ్యాహ్నానికి బోధన్, అన్నం, చాప, అయ్యగారు మంచి పని చేశావమ్మా అంటాడు. కండక్టరు రెండోసారి పిలిచాడు. ఇయ్యాల రాను బిడ్డా అన్నాను, ఆ మాట నోట్లోంచి వచ్చాక నాకే భయమేసింది, మళ్లీ బస్సు సాయంత్రం దాకా లేదు. బస్సు పోయింది. పెట్టె పట్టుకుని గట్టెక్కాను. ఏడికి అన్నాడు వెనకనుంచి. నేను ఆగలేదు, ఆగితే తిరిగి చూస్తాను, తిరిగి చూస్తే ఆ కట్టె కనబడుతుంది. ఒక వైపు నీళ్లు, ఒక వైపు చెరుకు ఆకులు చేతులు కోస్తున్నాయి, వెనక చెప్పుల చప్పుడు, కట్టె నేలకు ఆనే చప్పుడు, నా అడుగుకు ఒక అడుగు. ఇప్పుడు కొడతాడు. ఈ బట్టలుతికే బండ దాటాక కొడతాడు. వీపు బిగబట్టుకుని నడుస్తున్నాను, ప్రార్థన రావడం లేదు, అమ్మా అని మాత్రం వస్తోంది. జీతగాళ్లిద్దరూ గట్టు మీద ఉన్నారు, నన్ను చూసి అడ్డం వచ్చారు, నా వెనక పటేలును చూసి ఏం చేయాలో తెలియక పక్కకు జరిగారు. ఆయన జరగమన్నాడో లేదో నాకు తెలియదు, నేను వినలేదు.

గుడిసె. వాకిట్లో బండ, బండ మీద సత్తు కంచం. అదే బండ, అదే కంచం అనిపించి కళ్లు తిరిగాయి, కాదు, ఇది వేరే. కంచంలో సగం కొరికిన జొన్నరొట్టె, ఇంత ఎల్లిపాయ కారం. గంగుబాయి లోపలి నుంచి చూసి గోడకు అతుక్కుపోయింది, చిక్కి సగమైంది, రావద్దు ఆయీ అని చెయ్యి అడ్డం పెట్టింది, చిటికెన వేలు కొక్కెంలా వంగి ఉంది. నేను గడపలో కూలబడ్డాను. కంచం ఒళ్లోకి తీసుకుని, ఆమె కొరికిన చోటే రొట్టె తుంచి, కారం అద్దుకుని తిన్నాను. నకో నకో అని అరిచింది ఆ పిల్ల, వాళ్ల భాషలో వద్దు వద్దు అని. ఎండిన రొట్టె, గొంతు దిగడం లేదు, నీళ్లు అడిగితే ఇవ్వలేదు, ఆమె ముంత నేనే అందుకుని తాగాను. పదడుగుల దూరంలో పటేలు. కట్టె రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు.

"ఏడేండ్ల సంది గీ చేతులతోని కడుగుతున్న పటేలా," అని నా పది వేళ్లూ చాపి చూపించాను. అన్నీ తిన్నగానే ఉన్నాయి.

ఆయన వేళ్లు చూశాడు, నన్ను చూశాడు, కోడల్ని మాత్రం చూడలేకపోయాడు. పెట్టె తెరిచి పొట్లం తీసి గంగుబాయి చేతిలో పెట్టాను. ఆమె మామ వైపు చూసింది. ఆయన గట్టు మీద కూలబడి కట్టె పక్కన పెట్టి రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. ఆమె మాత్ర మింగింది. ఆ వేలును నా చేతిలోకి తీసుకుని ఇంత నూనె రాసి మెల్లగా సాగదీశాను, కొంచెం వచ్చింది, నిజంగానే కొంచెం వచ్చింది, ఇంకా టైముంది.

"ప్రార్థన చెయ్యవా ఆయీ?"

"మనసుల చేస్త బిడ్డా."

"మనసుల వద్దు. గట్టిగ చెయ్యి, నా పేరు వెట్టి చెయ్యి." కళ్లనిండా నీళ్లు, అయినా మొండిగా నా మొహంలోకే చూస్తోంది. "ఆరు వారాల సంది ఊరంత నా పేరు తీసుడే, తీసి థూ అని ఉమ్ముడే. నువ్వొక్కసారి మంచిగ తియ్యి."

ఏం మొహం పెట్టుకుని. ఆ పేరు చెడగొట్టిన నోరు ఇదే కదా. ఆమె వేలు నా చేతిలోనే ఉంది, విడిచిపెట్టలేదు. ఈసారి కళ్లు మూసుకోలేదు, ఆమెను చూస్తూనే, వెనక ఆయన వింటున్నాడని తెలిసి కూడా గొంతు పెంచకుండా, మామూలు మాటలాగా, ప్రభువా, గంగుబాయి, అన్నాను. పటేలు లేచిపోలేదు.